పాండవుల గుట్టకు 24 మందితో: నడక మీరే చేయించండి, తాడు మాత్రం తెలిసినవాళ్ల చేతికే ఇవ్వండి

ప్రశ్న క్లుప్తంగా ఇది. హనుమకొండలో ఒక యువజన సంఘం, 16 నుంచి 21 ఏళ్ల వాళ్లు 24 మంది, అందులో 9 మంది అమ్మాయిలు. డిసెంబర్‌లో ఒక శని, ఆదివారాలు రేగొండ దగ్గరి పాండవుల గుట్టకు పోయి గుట్టల్లో నడవాలి, తాడుతో బండ కూడా ఎక్కాలి. సంఘంలో ఒకరు ఇంతకుముందు రాపెల్లింగ్ (తాడు మీద బండ దిగడం) చేశారు. "తాడు, బెల్టులు కొనుక్కుంటే మేమే చేయించుకోవచ్చా? రెండూ ఒక్క రోజులో అవుతాయా?" అని అడిగారు.

నడక మీరే చేయించుకోవచ్చు. తాడుతో బండ ఎక్కించడం మీరు చేయకూడదు. రెండూ ఒకే రోజు పెట్టకండి. శనివారం నడక, ఆదివారం పొద్దున బండ. తాడు పనికి శిక్షణ పొందిన ఇన్‌స్ట్రక్టర్లు ముగ్గురైనా కావాలి. వాళ్లు దొరకకపోతే ఈసారికి నడకతో సరిపెట్టుకోండి.

ఒకసారి రాపెల్లింగ్ చేయడమంటే బస్సులో కూర్చుని ప్రయాణం చేయడం లాంటిది. డ్రైవింగ్ వేరే విద్య. పైన యాంకర్, అంటే తాడును చెట్టుకో గుండుకో ఆపే కట్టు, ఎవరు కట్టారు, ఎందుకలా కట్టారు, మధ్యలో ఒకరు ఇరుక్కుపోతే ఎలా దింపాలి అన్నవి దిగినవాళ్లకు కనబడవు. ఇన్‌స్ట్రక్టర్‌ను మాట్లాడుకునేటప్పుడు రేటు కంటే ముందు ఏ కోర్సు చేశారో అడగండి. ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్, డార్జిలింగ్‌లోని హిమాలయన్ ఇన్‌స్టిట్యూట్ లాంటి పర్వతారోహణ శిక్షణ సంస్థల్లో బేసిక్, అడ్వాన్స్ తర్వాత 'మెథడ్ ఆఫ్ ఇన్‌స్ట్రక్షన్' అని నేర్పించేవాళ్ల కోర్సు ఉంటుంది. ముగ్గురిలో ఒక్కరికైనా అది ఉండాలి. మన దగ్గర భువనగిరి కోట బండ మీద ఏళ్లుగా క్లైంబింగ్ శిక్షణ నడుస్తోంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ మొదట బండ పట్టుకున్నది అక్కడే. కాబట్టి మనుషులు దొరకరేమో అనే భయం అక్కర్లేదు. "ఎవరైనా తాడు మధ్యలో ఇరుక్కుంటే ఏం చేస్తారు?" అని అడిగి చూడండి. తెలిసినవాళ్లు వెంటనే వరసగా చెబుతారు. "అట్లేం కాదు సార్" అన్నవాళ్లను మాత్రం పెట్టుకోకండి.

ఒకే రోజు ఎందుకు కుదరదో లెక్క వేద్దాం. 12 మీటర్ల బండ మీద కొత్తవాళ్లు ఒకరికి ముడి, పరీక్ష, ఎక్కడం, దిగడం, ముడి విప్పడం అన్నీ కలిపి 10 నుంచి 12 నిమిషాలు పడుతుంది. మూడు తాళ్లు వేస్తే తాడుకు ఎనిమిది మంది. ఒక్క విడతకే దాదాపు గంటన్నర పడుతుంది. మొదటిసారి భయంతోనే అయిపోతుంది, నేర్చుకునేది రెండోసారి, కాబట్టి రెండు విడతలు ఉండాలి. తాళ్లు కట్టడానికి గంట, పొద్దున పాఠానికి ముప్పావు గంట కలిపితే దాదాపు ఐదు గంటలు. డిసెంబర్‌లో ఆరున్నర దాటాక తెల్లారుతుంది, ఐదూ నలభైకల్లా పొద్దుగూకుతుంది. ఇందులో నాలుగైదు గంటల నడక ఇరికిస్తే తొందర పుడుతుంది. తాడు దగ్గర తప్పులన్నీ ఆ తొందరలోనే జరుగుతాయి, అదీ ఎక్కువగా చివరి ముగ్గురు నలుగురి దగ్గర.

ఇసుకరాయి సంగతి. పాండవుల గుట్ట ఇసుకరాయి, భువనగిరి గ్రానైటు. ఈ తేడా తెలియకుండా అక్కడ చేసినట్టే ఇక్కడా చేయబోతారు. ఇసుకరాయి తడిస్తే బలం తగ్గుతుంది. పైకి ఆరినట్టు కనబడ్డా లోపల చెమ్మ ఉంటుంది, పట్టుకున్న పెచ్చు చేతిలోకి ఊడొస్తుంది. గట్టి వాన పడితే రెండు రోజులు, నీడ ఎక్కువుండే వైపైతే మూడు రోజులు ఎక్కకండి. బంగాళాఖాతంలో తుపాను లేస్తే డిసెంబర్‌లో కూడా మనకు ముసురు పడుతుంది కదా, గురువారం నుంచే వాతావరణం చూసుకుంటూ ఉండండి. వాన పడితే ఆ శనివారం రామప్ప, గణపురం కోటగుళ్లు చూసి రండి. రామప్ప 1213 నాటి గుడి, 2021లో యునెస్కో జాబితాకెక్కింది. మన పక్కనే ఉన్నా సగం మంది పోరలు చూసి ఉండరు.

ఇంకో చిక్కు, ఈ రాతి అంచులు గరుకు. తాడు ఒకేచోట రాసుకుంటూ పోతే పైపొర పోగులు లేస్తుంది. అంచు మీద నాలుగు మడతల గోనెసంచి గానీ పాత కార్పెట్ ముక్క గానీ వేయాలి, అది జారకుండా దానికీ వేరే చిన్న తాడు కట్టాలి. తాడును మట్టిలో పడేయొద్దు, టార్పాలిన్ మీదే ఉంచాలి. ఇసుక రేణువు పోగుల మధ్యకు దూరితే లోపల్నుంచి కోస్తుంది, పైకి ఏమీ కనబడదు. తాడు తొక్కొద్దని పదే పదే చెప్పేది కూడా ఇందుకే.

తాడు పని మీరు చేయకపోయినా, చేసేవాళ్లను చూసి సరిగా ఉందో లేదో పోల్చుకోగలగాలి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు తాడు. ఎక్కడానికి డైనమిక్ తాడు కావాలి, 10 నుంచి 10.5 మిల్లీమీటర్ల లావు. అది సాగి, పడ్డప్పుడు కుదుపును మింగుతుంది. రాపెల్లింగ్‌కు సాగని స్టాటిక్ తాడు, 10.5 లేదా 11 మిల్లీమీటర్లు. బావి మోటారు దించే నైలాన్ తాడు, లారీకి కట్టే తాడు ఎంత లావున్నా ఈ పనికి రావు. తాడు ఎక్కేవాళ్ల నడుము నుంచి పైన యాంకర్ దాకా పోయి మళ్లీ కింద పట్టేవాళ్ల దగ్గరికి వస్తుంది, కాబట్టి పొడవు బండ ఎత్తుకు రెండింతలు, పైన యాంకర్‌కు, కింద ముడికి ఇంకో పది మీటర్లు. 15 మీటర్ల బండకు 40 మీటర్లు. తాడు అవతలి కొసకు తప్పకుండా ముడి ఉండాలి. దింపుతున్నప్పుడు పొడవు చాలకపోతే ఆ ముడి కింద పట్టేవాళ్ల నడుముకున్న తాడు ఆపే పరికరం దగ్గర ఆగుతుంది. ముడి లేకపోతే కొస జారిపోతుంది, మనిషి కింద పడతాడు. తాడును వేళ్ల మధ్య నుంచి పూర్తిగా లాగి చూడాలి. ఎక్కడైనా చదునుగా, మెత్తగా, లేదా కర్రలా బిగుసుకుని తగిలితే పక్కన పెట్టాల్సిందే. వాడకుండా మూలన పెట్టిన తాడును కూడా చాలా కంపెనీలు పదేళ్లకు మించి వాడొద్దంటాయి. కొన్న తేదీ రాసిన పుస్తకం అడగండి, లేదంటే ఆ తాడు వద్దు.

యాంకర్ ఒక్కదాని మీద ఎప్పుడూ ఆధారపడరు. ఒకదానితో ఒకటి సంబంధం లేనివి రెండు, వీలైతే మూడు. చెట్టయితే పచ్చిది, తొడంత లావుది, లోతుగా వేరు దిగింది. స్లింగ్ (చుట్టి కట్టే పట్టీ) చెట్టు మొదట్లోనే వేయాలి, నడుమెత్తులో కాదు. బండ సందులో చారెడు మట్టిలో మొలిచిన చెట్టు చూడ్డానికి బలంగా ఉంటుంది గానీ ఊడి వస్తుంది. గుండుకు కట్టేటట్టయితే అరచేత్తో కొట్టి వినాలి, డొల్ల శబ్దం వస్తే వదిలేయాలి. ఎవరో ఎప్పుడో కొట్టిపోయిన బోల్టులు కనబడొచ్చు. వాటిని వేసినవాళ్లెవరో తెలియనప్పుడు వాటి జోలికి పోవద్దు, మెత్తని రాతిలో బోల్టు సంగతి మామూలు ఇన్‌స్ట్రక్టర్లు కూడా తేల్చలేరు. రెండు యాంకర్ల స్లింగులు కలిసేచోట కోణం 60 డిగ్రీల లోపు ఉండాలి. 60 దగ్గర ఒక్కోదాని మీద బరువులో 58 శాతం పడుతుంది, 120 దగ్గర ఒక్కోదాని మీదా పూర్తి బరువు పడుతుంది. అంటే రెండు కట్టిన లాభమంతా పోయినట్టే. కొలిచే సాధనం అక్కర్లేదు, దూరం నుంచి చూస్తే ఇరుకు 'వి' ఆకారం కనబడాలి.

ఇక ముడి. హార్నెస్ అంటే నడుముకు, కాళ్లకు వేసుకునే బెల్టుల అమరిక. దాని నడుము బెల్టు తుంటి ఎముకల పైన ఉండాలి, బిగించాక అరచేయి దూరాలి, పిడికిలి దూరకూడదు. తాడు కొస నుంచి రెండు మూరలు వదిలి ఎనిమిది ఆకారపు ముడి వేస్తారు. కొసను హార్నెస్ ముందుభాగంలో కాళ్ల బెల్టును కలిపే రింగులోంచి, నడుము రింగులోంచి, రెండింట్లోంచీ పోనిచ్చి, మొదటి ముడి దారినే వెనక్కి నడిపిస్తారు. అయ్యాక లెక్కపెట్టండి, తాడు జంటలు జంటలుగా ఐదు చోట్ల కనబడాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా. కొస జానెడు మిగలాలి. నాలుగు జంటలే కనబడితే ఎక్కడో దారి తప్పింది. హార్నెస్ పక్కల వేలాడే సన్న ఉచ్చులు సామాన్లు తగిలించుకోవడానికి, వాటికి మనిషి బరువు ఆగదు. కొత్తవాళ్లు హడావిడిలో వాటికే తాడు కట్టేసుకోవడం చాలా క్యాంపుల్లో కనబడే తప్పు.

అసలు పనితనం ఎక్కేవాళ్లలో కంటే కింద తాడు పట్టిన మనిషిలో ఉంటుంది. అందరి కళ్లూ, ఫోన్లూ పైన ఎక్కేవాళ్ల మీదే ఉంటాయి. మీ కళ్లు మాత్రం కింద పట్టినవాళ్ల చేతి మీద ఉండాలి. బ్రేక్ చెయ్యి, అంటే పరికరం నుంచి బయటికొచ్చే తాడును పట్టి ఆపే చెయ్యి, తాడు వదలకూడదు, దోమ కుట్టినా సరే. తాడు మీద చేతిని జరపాలే తప్ప తీసి మళ్లీ పట్టుకోకూడదు. వాళ్ల వెనక రెండు మీటర్ల దూరంలో ఇంకొకరు అదే తాడు కొసను చేతిలో ఉంచుకుని నిలబడాలి. ఎక్కేవాళ్లు 75 కిలోలు, పట్టేవాళ్లు 50 కిలోలు అయితే, ఎక్కేవాళ్లు జారినప్పుడు పట్టేవాళ్లు గాల్లోకి లేవొచ్చు. అలాంటి జతలను విడదీయాలి, లేదా పట్టేవాళ్లను వెనకనుంచి నేలకు కట్టాలి. పిల్లలు వంతులవారీగా తాడు పట్టడం నేర్చుకోవచ్చు, మంచిదే, కానీ ఇన్‌స్ట్రక్టర్ చెయ్యి ఆ తాడు మీద ఉండాలి.

ఎక్కేముందు ఇద్దరూ ఒకరినొకరు తడిమి చూసుకోవాలి: బకిల్, ముడి, పరికరంలో తాడు దారి, క్యారబైనర్ (తెరిచి మూసే లోహపు కొక్కెం) మర బిగిసిందా, హెల్మెట్. చూసి ఊరుకుంటే చాలదు, క్యారబైనర్‌ను నొక్కాలి, తెరుచుకోకూడదు. మాటలు తెలుగులోనే పెట్టుకోండి. "పట్టావా?" "పట్టాను." "ఎక్కుతున్నా." "ఎక్కు." రెండో జవాబు వినబడేదాకా కాలు నేల వదలకూడదు. రాయి జారితే చిన్నదైనా "రాయి!" అని అరవాలి, అది విన్నవాళ్లు పైకి చూడకూడదు, బండకు అతుక్కోవాలి. హెల్మెట్ క్లైంబింగ్‌ది, బండ కింద ఉన్న అందరికీ. బైకు హెల్మెట్లో పక్కలు కనబడవు, మాటా వినబడదు. వంతు కోసం చూసేవాళ్లు బండకు కనీసం పది మీటర్ల అవతల కూర్చోవాలి. ఉంగరాలు, గాజులు తీసేయాలి, రాతిసందులో ఉంగరం ఇరుక్కుని మనిషి జారితే వేలి చర్మం ఒలిచిపోతుంది. చున్నీ వద్దు, జడ చొక్కా లోపలికి. ఇవి అమ్మాయిలకే కాదు, జుట్టు పెంచిన అబ్బాయిలకూ చెప్పండి.

రాపెల్లింగ్ గురించి ఒక మాట. క్యాంపుల్లో అందరూ దాన్నే ముందు పెడతారు, ఎందుకంటే నైపుణ్యం లేకపోయినా దిగొచ్చు, ఫొటో బాగుంటుంది. కానీ అందులో మొదటి క్షణం నుంచీ మొత్తం బరువు తాడు మీదే, యాంకర్ మీదే. ఎక్కేటప్పుడు చేతులూ కాళ్లూ కూడా బండ మీద ఉంటాయి. కాబట్టి ముందు ఎక్కడం, సమయం మిగిలితే రాపెల్లింగ్, అదీ దిగే తాడు కాకుండా ఇంకో తాడుతో పైనుంచి పట్టుకుని ఉంటేనే. మధ్యలో భయపడి ఆగిపోయినవాళ్లను హార్నెస్‌లో కదలకుండా వేలాడనివ్వకండి. కొన్ని నిమిషాలకే కళ్లు తిరగొచ్చు, స్పృహ తప్పొచ్చు. కాళ్లు బండకు తన్నమని చెబుతూ త్వరగా దింపాలి, దింపాక పడుకోబెట్టాలి.

బండ దగ్గర నాకు తాడు కంటే పెద్ద భయం తేనెటీగలు. కొండ తేనెటీగలు సరిగ్గా మనం ఎక్కాలనుకునే చూరుల కిందే పెరలు పెడతాయి. శుక్రవారమే ఇద్దరు బండ మొత్తం నాలుగు దిక్కుల నుంచీ చూసి రావాలి. పెర కనబడితే ఆ ముఖం వదిలేయండి, పక్కకు జరిగితే చాలు అనుకోవద్దు. పొగ, సెంటు, స్పీకర్, డ్రోన్ ఏవీ వద్దు. లేస్తే చేతులు ఊపొద్దు, నీళ్లలోకి దూకొద్దు, ముఖం గుడ్డతో కప్పుకుని వ్యాను దాకా ఆగకుండా పరుగెత్తాలి. తాడు మీద ఉన్నవాళ్లను పట్టినవాళ్లు వదిలి పారిపోకూడదు, వెంటనే కిందికి దింపేయాలి. పట్టేవాళ్ల మెడలో ఒక పెద్ద తువ్వాలు ఉంచమనేది ఇందుకే. ముళ్లు గోటితో గీకి తీసేయొచ్చు, ఎంత తొందరగా తీస్తే అంత మంచిది. పదుల కొద్దీ కుట్టినా, పెదవులు, గొంతు వాచినా, ఆయాసం వచ్చినా 108.

నడక సులువు, అయినా రెండు మూడు మాటలు. 24 మందిని ఒక్క గుంపుగా నడిపించకండి, ఎనిమిదేసి మంది మూడు గుంపులు, ప్రతి గుంపుకూ ముందొకరు, వెనకొకరు. అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్లను ముందువాళ్ల వెనకే పెట్టండి, చివర్లో కాదు. చివర్లో ఉంటే మిగతావాళ్లు ఆగి సేద తీరేసరికి వాళ్లు చేరుకుంటారు, చేరగానే గుంపు లేస్తుంది, ఆ ఒక్కరికే విశ్రాంతి ఉండదు. గంటకు రెండున్నర కిలోమీటర్లకు మించి లెక్క వేయొద్దు, గుండ్ల మధ్య పాకే చోట్లు ఉంటాయి. ఆగిన ప్రతిచోటా తలలు లెక్కపెట్టాలి. మధ్యాహ్నం రెండింటికి ఎక్కడున్నా వెనక్కి తిరగాలి. ప్రతి మెడలో ఈల. తప్పిపోతే నిమిషంలో ఆరుసార్లు ఊది, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఊదాలి. అది కొండల్లో తిరిగేవాళ్లు వాడే ఆపద సైగ.

నీళ్లు మనిషికి రోజుకు నాలుగు లీటర్లు. పెద్దలు, ఇన్‌స్ట్రక్టర్లు, డ్రైవర్‌తో కలిపి 30 మందికి రోజుకు 120 లీటర్లు, అంటే 20 లీటర్ల క్యాన్లు ఆరు, తాగడానికే. వంటకు వేరే. గుట్ట మీది మడుగుల నీళ్లు తాగొద్దు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు 30. పొద్దున సద్దికి పులిహోర, ఉడికించిన గుడ్లు, పల్లీపట్టీలు సరిపోతాయి. రాత్రి అడవిలో పడుకోకండి, ఊళ్లో బడి గానీ హాలు గానీ ముందే అడిగి పెట్టుకోండి, అమ్మాయిలకు వేరే గది, బాత్‌రూము, వెంట ఇద్దరు పెద్ద మహిళలు. క్యాంప్‌ఫైర్ అడక్కండి, ఎండుటాకులు నిండిన చోట అది జరిగే పని కాదు.

పాములకు భయపడి ఆగక్కర్లేదు. చెయ్యి పెట్టే ప్రతి సందులోకీ ముందు కన్ను పెట్టాలి, అంతే. కరిస్తే కోయడం, పీల్చడం, బిగించి కట్టడం, పసరు పోయడం ఏదీ చేయకుండా, ఉంగరాలు, గడియారం తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా కర్రతో కట్టి, నడిపించకుండా మోసుకొచ్చి ఆసుపత్రికి. ఇందుకే మీ బండిని ఊరికి పంపొద్దు. డ్రైవర్ రెండు రోజులూ అక్కడే ఉండాలి. సిగ్నల్ ఎక్కడ అందుతుందో శుక్రవారం చూసి వచ్చేవాళ్లు రాసుకుని రావాలి. ఆస్తమా పంపు, ఫిట్స్ మందు లాంటివి ఎవరివి వాళ్ల సంచిలోనే ఉండాలి, వ్యానులో కాదు.

అనుమతి అటవీశాఖ రేంజ్ ఆఫీసులో రాతపూర్వకంగా, పేర్లు, ఫోన్ నంబర్ల పట్టికతో తీసుకోండి. 18 లోపువాళ్లకు తల్లిదండ్రుల సంతకం. ఏ బండ ఎక్కుతారో రేంజ్ ఆఫీసువాళ్లకు చూపించి ఒప్పించుకోండి, ఎందుకంటే అక్కడ చూరుల కింద ఆదిమానవులు వేసిన బొమ్మలున్నాయి. బొమ్మలున్న ముఖం మీద తాడు వేయకూడదు. చెమట చేతులకు రాసుకునే చాక్‌పొడి కూడా వాటి దగ్గరికి రాకూడదు. ఫొటోలో రంగు తేలడానికి నీళ్లు చల్లే అలవాటు కొందరికుంది, దాంతో రంగు పోతుంది. మీవాళ్లకు బస్సులోనే చెప్పండి. ముట్టుకోవద్దని మాత్రమే చెబితే వినరు, వేలి నూనె కూడా రంగును తింటుందని చెబితే వింటారు.

తేదీ ఎప్పుడైనా జనవరి, ఫిబ్రవరికి జరపాల్సి వస్తే అది మేడారం జాతర ఏడాదా చూసుకోండి. రెండేళ్లకోసారి వచ్చే ఆ రోజుల్లో ఇటు రోడ్ల మీద బండి కదలదు, అద్దెకు వ్యాను దొరకదు, 108 కూడా ఆలస్యమవుతుంది. మార్చి దాటితే ఎండకు బండ చెయ్యి పెట్టనివ్వదు.

తాళ్లకు దాచిన డబ్బు ఉంటే దాంతో ఈలలు, తలకు కట్టుకునే టార్చీలు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె కొనండి. మిగిలింది మీవాళ్లలో ఇద్దరిని బేసిక్ కోర్సుకు పంపడానికి ఉంచండి. ఇన్‌స్ట్రక్టర్ కుదిరాక ఆయన రాసిచ్చిన సామాన్ల పట్టీ, తాళ్ల కొన్న తేదీలతో సహా ఇక్కడ పెట్టండి. చూసి చెబుతాను.